ఒక సింథసైజరు లెక్క

ఒక వాద్యము ఎప్పుడు పుట్టినదో చెప్పుట సులభము. ఎన్ని పుట్టినవో చెప్పుట కష్టము. మొదటి ప్రశ్నకు దానిని తయారు చేసినవారే సంతోషముతో సమాధాన మిత్తురు. రెండవ ప్రశ్నకు ఒక్కొక్కప్పుడు మౌనము వహింతురు. ఒక్కొక్కప్పుడు సున్నలతో ముగియు పెద్ద సంఖ్య నొకదానిని చెప్పి ఊరకుందురు. ఆ సంఖ్యను ఒకరు వ్రాయుదురు. వేరొకరు దానిని చూచి వ్రాయుదురు. పదిమంది వ్రాసిన పిమ్మట అది చరిత్రయై కూర్చుండును. అట్టి సంఖ్య నొకదానిని పట్టుకొని, అది యెట్లు వచ్చినది, దాని నెంతవరకు నమ్మవచ్చును, అది మనకు చెప్పునదేమి, చెప్పనిదేమి అను విషయమును ఈ ప్రసంగమున విచారింప దలచితిని.

నేను తీసికొన్నది జపాను దేశపు యమహా కంపెనీవారు 1983లో వెలువరించిన డి.ఎక్స్. 7 అను సింథసైజరు. హార్మోనియము గాలిచే మ్రోగును. వీణ తీగచే మ్రోగును. డోలు తోలుచే మ్రోగును. సింథసైజరు ఈ మూటిలో దేనిని ఆశ్రయింపక విద్యుత్తుచేతనే నాదమును కల్పించును. చూచుటకు దీనికిని హార్మోనియమునకు వలెనే మెట్లు వరుసగా నుండును. డి.ఎక్స్. 7కు 61 మెట్లు. అది ఒకేసారి 16 స్వరములను పలికింపగలదు. 32 రకముల ధ్వనులను తనలో భద్రపరచుకొనగలదు. ఆ దశాబ్దమున యమహా కంపెనీ కీర్తిని లోకమంతట నిలిపిన వాద్య మిదియే.

ఖమ్మం, భద్రాచలముల నడుమ అడవి అంచున నివసించు వానికి జపాను వాద్యముల అమ్మకములతో ఏమి పని యని శ్రోతలు అడుగవచ్చును. పని కలదు. ఆ జాతి వాద్యములు మా పెండ్లి పందిళ్లకును, భజన మందిరములకును, నాటకపు వేదికలకును వచ్చి చేరినవి. అవి వచ్చిన చోటనుండి కొందరు వాద్యగాండ్రు లేచిపోయినారు. వచ్చినవి యెన్ని, లేచిపోయినవా రెందరు అను లెక్క మాకు కావలసినదే. అంతియేకాదు, అడవి అంచున నుండువారికి అంచనా అనునది నిత్యకృత్యము. నిలువు చెట్టును చూచి కలప యెంత వచ్చునో చెప్పుట, పొదలను చూచి తునికాకు ఎన్ని కట్టలగునో చెప్పుట మా యెడ పుస్తకవిద్య కాదు, బ్రదుకుతెరువు.

ముందుగా వాద్యము కథను కొంచెము చెప్పెదను. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ అను సంగీతజ్ఞుడు 1967లో ఒక విశేషమును గుర్తించెను. ఒక కంపనముచే మరియొక కంపనమును వేగముగా కదలించినచో గంట, కంచు, వేణువు మొదలైన వాటిని పోలిన ధ్వనులు పుట్టునని అతడు కనుగొనెను. విశ్వవిద్యాలయము ఆ పద్ధతిపై హక్కును యమహా కంపెనీకి ఇచ్చెను. 1977లో పేటెంటు లభించెను. ఆ పద్ధతి సామాన్య సంగీతకారుని చేతికి అందినది డి.ఎక్స్. 7 రూపముననే. అమెరికాలో దాని వెల 2,000 డాలర్లకు ఐదు డాలర్లు మాత్రమే తక్కువ. అది స్వల్పమైన సొమ్ము కాదు. కాని అంతకుముందు ఇట్టి శక్తి గల యంత్రములకు ఇంతకు అనేక రెట్లు పెట్టవలసియుండెను. కావున జనము ఎగబడి కొనిరి.

ఇక సంఖ్యలకు వత్తము. డి.ఎక్స్. 7లు 2,00,000కు పైగా అమ్ముడైనవని తరచుగా వ్రాయుదురు. కొందరు 1,60,000 అని వ్రాయుదురు. దానికి ముందు తరమునకు పేరెన్నిక గన్నది అమెరికా దేశపు మినీమూగ్. 1970 మొదలు 1981 వరకు అవి 12,000కు పైగా తయారైనవని చెప్పుదురు. తరువాతి తరమున కోర్గ్ కంపెనీవారి ఎం. 1 అను వాద్యము 1988లో వెలువడెను. దానికి 2,50,000 అను సంఖ్య వాడుకలో నున్నది. ఈ మూడు సంఖ్యలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. పదునెనిమిది యేండ్లలో ఈ వాద్యము కొలదిమంది చేతినుండి లక్షలమంది చేతికి వచ్చినది. ఇంతవరకు సంఖ్యలు మనకు నిజముగా తోడ్పడుచున్నవి. కాని 1,60,000 సరియా, 2,00,000 సరియా అని అడిగిన క్షణమున మనము సాక్ష్యమును వెదకవలెను. పది పుస్తకములలో నున్నంత మాత్రమున సాక్షులు పదిమంది కారు. పదియు ఒకే మాటనుండి పుట్టినచో సాక్షి ఒక్కడే.

సాక్ష్యమునకు గల మార్గములు నాలుగు. మొదటిది తయారు చేసినవారి మాట. అది అన్నింటికంటె దగ్గరిది. కాని నిష్పక్షపాతమైనది కాదు. వర్తకుడు తన సరకు విశేషముగా అమ్ముడైనదని చెప్పుకొనుట లోకసహజము. అదియునుగాక, తయారైనవి వేరు, దుకాణములకు పంపినవి వేరు, కొన్నవారి యిండ్లకు చేరినవి వేరు. ఈ మూడింటికిని ఒకే మాట వాడినచో లెక్క తారుమారగును.

రెండవ మార్గము క్రమసంఖ్య. ప్రతి యంత్రమునకును దాని వీపున ఒక సంఖ్య యుండును. దీనితో మొత్తమును ఊహించు విధానమును ఒక దృష్టాంతముతో చెప్పెదను. ఒక జాతరకు వచ్చు బండ్లకు 1 మొదలుకొని వరుసగా చీట్లు కట్టినారనుకొందము. దారిలో మనకు ఐదు బండ్లు ఎదురైనవి. వాటి చీట్లు 14, 23, 37, 48, 60. మొత్తము బండ్లెన్ని? అరువదికి తక్కువ కావు; అది నిశ్చయము. అరువదియే యనుటయు సరికాదు. కడపటి బండియే మన కెదురగుట యాదృచ్ఛికము. ఐదు బండ్లు అరువది సంఖ్యల మేర పరచుకొని యున్నవి గనుక బండికి బండికి నడుమ సగటున పండ్రెండు సంఖ్యల యెడము. అదే యెడమును అరువదికి పైన చేర్చి, ఒకటి తీసివేసినచో 71 వచ్చును. అదియే మంచి అంచనా.

ఇది చిన్నపిల్లల లెక్కవలె కనబడును గాని, దీనికి గొప్ప పరీక్ష జరిగినది. రెండవ ప్రపంచ యుద్ధమున జర్మనీవారు నెలకు ఎన్ని టాంకులు చేయుచున్నారో మిత్రరాజ్యములకు తెలియవలసి వచ్చెను. 1942 ఆగస్టు నెలకు గూఢచారుల వార్తలను బట్టి 1,550 అని తేలెను. పట్టుబడిన టాంకులపైని క్రమసంఖ్యలను బట్టి లెక్కించినవారు 327 అనిరి. యుద్ధము ముగిసిన పిమ్మట జర్మనీవారి కాగితములు దొరకగా చూచిన నిజమైన సంఖ్య 342. కోటలలో తిరిగిన వేగులవారి కంటె, ఇనుప రేకుపైని నాలుగు అంకెలు నిజమునకు దగ్గరగా నిలిచినవి.

అయితే ఈ విధానమును సింథసైజరునకు అన్వయించునప్పుడు రెండు జాగ్రత్తలు అవసరము. సంఖ్యలు 1 నుండియే మొదలగునని నియమము లేదు. నడుమ వేలకు వేలు విడిచి క్రొత్త వరుసను మొదలు పెట్టుటయు కలదు. రెండవది, మన కంటబడినవి అన్నిటిలోనుండి యాదృచ్ఛికముగా వచ్చినవై యుండవలెను. పాత వాద్యముల బజారులో అట్లుండదు. కొనువారు పూర్వపు సంఖ్యలను ఏరికోరి వెదకుదురు. చెడిపోయినవి పాత యినుము వాని కొట్టునకు పోవును. దారిలో మొదటి బండ్లే కనబడి, వెనుకటివి వేరు దారిన పోయినచో మన 71 తప్పక తప్పగును.

మూడవ మార్గము పేటెంటు రాబడి. చౌనింగ్ కనుగొన్న పద్ధతికై స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు రెండు కోట్ల డాలర్లకు పైగా ముట్టినది. వాద్యమొకటికి ఇంత యని భాగింపరాదా? రాదు. అదే పద్ధతిని యమహావారు ఇంటి కీబోర్డులలోను, తరువాత కంప్యూటరు శబ్దఫలకములలోను ఉపయోగించిరి. ఏరుకు నీరు అనేక వాగులనుండి వచ్చుచుండగా, ఏటిని కొలిచి ఒక వాగు ప్రవాహమును చెప్పబూనుట వంటిదగును. నాల్గవ మార్గము నేడు అమ్మకమునకు వచ్చుచున్న పాత వాద్యములను లెక్కించుట. అది మిగిలినవి యెన్నియో సూచించును గాని, పుట్టిన వెన్నియో చెప్పదు.

ఈ నాలుగు మార్గములకును అడ్డుపడు మూల ప్రశ్న యొకటి కలదు. ఒకటి అనగా ఏది? 1983 నాటి డి.ఎక్స్. 7 ఒకటి. తరువాత అదే పేరును ధరించి డి.ఎక్స్. 7 రెండవ రకములు వచ్చినవి. మెట్లు లేకుండ లోపలి యంత్రమును మాత్రము పెట్టెలో నుంచి టి.ఎక్స్. 7 అను పేర అమ్మినారు. అట్టి యంత్రములు ఎనిమిదింటిని ఒకే చట్రమున బిగించి టి.ఎక్స్. 816 అనినారు. దానిని ఒకటిగా లెక్కింతుమా, ఎనిమిదిగా లెక్కింతుమా? వంశమునంతను కలిపినవారికి ఒక సంఖ్య, పెద్దకొడుకును మాత్రమే లెక్కించినవారికి వేరొక సంఖ్య వచ్చుటలో వింత లేదు. ఇరువురును నిజమే చెప్పియుండవచ్చును. ఇరువురు లెక్కించిన వస్తువే వేరు.

ఈ చిక్కు మా ప్రాంతపు చరిత్ర చదువువారికి క్రొత్తది కాదు. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్లు నుండి విడివడి యేర్పడెను. తూర్పు గోదావరి జిల్లాలో నుండిన భద్రాచలము ప్రాంతము 1959లో ఖమ్మం జిల్లాలో చేరెను. 2014లో చింతూరు, కూనవరం, వర రామచంద్రపురం, కుకునూరు, వేలేరుపాడు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరు జిల్లా అయ్యెను. ఖమ్మం జిల్లా జనసంఖ్య, ఖమ్మం జిల్లా అడవి విస్తీర్ణము అని వ్రాసిన సంఖ్యలను ఏ యేటి సరిహద్దులో చెప్పక ప్రక్కప్రక్కన నుంచినచో, చెట్టు నరకకుండనే అడవి తరిగిపోవును. మనిషి పుట్టకుండనే జనము పెరిగిపోవును. పేరు మారకుండ వస్తువు మారుట వలన కలుగు ప్రమాద మిది.

తునికాకు లెక్కలోను ఇదియే నీతి. వేసవిలో కోయ కుటుంబములవారు తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసి, ఇంటికి తెచ్చి కట్టలు కట్టి కల్లమునకు చేర్తురు. ఏబది ఆకుల కొక కట్ట. వేయి కట్టల కొక ప్రామాణిక సంచి. అనగా సంచికి 50,000 ఆకులు. ఆకును లెక్కించువాడు లేడు, సంచులను లెక్కింతురు. సంచులపై ధర, ధరపై కూలి, కూలిపై ఆ కుటుంబపు వర్షకాలపు గ్రాసము ఆధారపడి యుండును. ఈ లెక్క యంతయు కట్టలో ఏబది ఆకులే యున్నవను ఒక్క నమ్మకముపై నిలిచినది. మొదటి మెట్టులో ఒకటి అనగా ఏదో తెలిసికొనక పై మెట్లలో ఎంత గుణించినను ఫలమేమి?

అంచనా యనగా ఊహాపోహ యని తేలికగా చూడరాదు. దానికి శాస్త్రము కలదు. ఆ శాస్త్రమున తెలుగువారికి అగ్రస్థానమును కలదు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో నాటి బళ్లారి జిల్లాలోని హడగళిలో జన్మించిరి. వారు బాల్యమున చదివిన యూళ్లలో గూడూరు, నూజివీడులతోబాటు ఖమ్మం సరిహద్దునకు చేరువనున్న నందిగామయు ఒకటి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలో మహలనోబిసుగారి గణాంక సంస్థలో చేరిరి. 1945లో, ఇరువది యైదవ యేట, వారు ప్రకటించిన వ్యాసమున ఒక మహావిషయము కలదు. చేతనున్న సాక్ష్యము ఇంతయే యైనప్పుడు, ఎంత తెలివిగా లెక్కించినను అంచనాకు ఇంతకంటె సూక్ష్మత రాదని హద్దును గీచి చూపిరి. స్వీడను దేశీయుడు క్రామరు కూడ వేరుగా అదే ఫలితమునకు వచ్చుటచే అది క్రామరు–రావు హద్దు అని లోకమున ప్రసిద్ధమైనది. 2023లో, తమ నూటమూడవ యేట నిర్యాణము చెందుటకు కొలది నెలలకు ముందు, వారికి అంతర్జాతీయ గణాంక పురస్కారము ప్రకటింపబడెను. లక్షా అరువది వేలో రెండు లక్షలో చేతనున్న సాక్ష్యము తేల్చనప్పుడు, నోటి గట్టితనముచే తేల్చుట తగదని రావుగారి గణితము మనకు బోధించుచున్నది.

మరియొక సంగతి. అమ్ముడైన సంఖ్య సరిగా తెలిసినను, ఆ వాద్యము లోకమును ఎంతగా మార్చినదో దానిచే తెలియదు. 1980 ప్రాంతమున తెలుగు చలనచిత్ర సంగీతము మద్రాసులో తయారగుచుండెను. విదేశపు ఎలెక్ట్రానికు వస్తువులపై సుంకము అధికముగా నుండెను. వాద్యములు కొలదిగానే వచ్చినవి. కాని ఒక స్టూడియోలోని ఒక వాద్యము వందల పాటలలో పలికెను. సాలూరి రాజేశ్వరరావుగారి కుమారుడు కోటియు, టి.వి. రాజుగారి కుమారుడు రాజ్‌యు జంటగా సంగీతము కూర్చిన కాలమున కీబోర్డు నాదము తెలుగు పాటకు అలవాటైన రూపమై నిలిచెను. 1992లో ‘రోజా’తో పేరు పొందిన ఏ.ఆర్. రహమానుగారు అంతకుముందు వీరియొద్ద కీబోర్డు వాయించినవారే. ఆ పాటల క్యాసెట్లు బస్సులలోను, కాఫీ హోటళ్లలోను మ్రోగుచు గోదావరి దాటి అడవి పల్లెలకు వచ్చినవి. మా ప్రాంతమునకు వాద్యముకంటె ముందు దాని నాదము వచ్చినది. కొన్నవారి లెక్కలో మా పల్లెలకు సున్న; విన్నవారి లెక్కలో ఊరంతయు.

దీనికి తలక్రిందైన ఉదాహరణము హార్మోనియము. ఈ మాట రేడియోలో చెప్పుటయే తగును. హార్మోనియము మన సంగీతపు గమకములకు తగదని 1940 మార్చి 1వ తేదీనుండి ఆకాశవాణి దానిని ప్రసారములనుండి బహిష్కరించెను. 1971 వరకు ఆ నిషేధము సడలలేదు. ఆ ముప్పదియొక్క యేండ్లును సురభి నాటకములలోను, పద్యనాటకపు వేదికలపైనను, హరికథలలోను, భజనలలోను హార్మోనియము లేని రాత్రి లేదు. రేడియోవారి పట్టికలను మాత్రమే ఆధారముగా గొనువాడు ఆ కాలమున తెలుగుదేశమున హార్మోనియమే లేదని వ్రాయగలడు. అనగా పట్టికలో నుండుట వేరు. లోకమున నుండుట వేరు.

ఈ రెండు ఉదాహరణములును నన్ను మా కోయ డోలు వద్దకు తెచ్చినవి. కొమ్ము కోయ నృత్యమున పురుషులు అడవిదున్న కొమ్ములను శిరమున ధరించి, పెద్ద డోలులను మెడకు తగిలించుకొని ఆడుదురు. ఆ డోలునకు క్రమసంఖ్య లేదు. దానిని చేసినవారే, లేక వారి బంధువులే వాయింతురు. దుకాణము లేదు; రసీదు లేదు; సుంకము లేదు. కావున అమ్మకపు లెక్కలలో అది ఎన్నడును పుట్టనేలేదు. కోయ పూర్వుల గాథలను గానము చేసిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించెను. వారు 2024లో గతించిరి. ఆయనకు తెలిసిన గాథలకు మారుగా దుకాణమునుండి వేరొకటి కొనితెచ్చుటకు వీలు లేదు.

కీబోర్డు వచ్చుటచే చెడు జరిగినదని నేను చెప్పుట లేదు. బీదవాని పెండ్లిలోను పాట మ్రోగుటకు అది తోడ్పడినది. అడవి పల్లెలలోని కుర్రవాండ్రు కొందరు దానినే జీవనాధారము చేసికొన్నారు. కాని దానిలోనే తాళము, తబలా, డోలక్కు అన్నియు నిమిడి యుండుటచే, నలుగురు కూర్చుండు చోట ఒకడు కూర్చుండినాడు. వచ్చిన యంత్రమునకు వెనుక సంఖ్య కలదు. దానిని అమ్మినవారు లెక్క వ్రాసికొన్నారు. లేచిపోయిన ముగ్గురిని ఎవ్వరును వ్రాసికొనలేదు. యాబది యేండ్ల పిమ్మట చరిత్ర వ్రాయువానికి మొదటి లెక్క దొరకును, రెండవది దొరకదు. దొరకిన దానినే చరిత్ర యని అతడు వ్రాయును.

కావున డి.ఎక్స్. 7 విషయమున నా తీర్పు ఇది. అది లక్షలలో అమ్ముడైన వాద్యము. మినీమూగ్ కంటె పది రెట్లకు తక్కువ కాదు. ఇంతవరకు దిట్టముగా చెప్పవచ్చును. ఆ పైని అంకెలను వ్రాయువారు ఏ రకములను కలిపిరో, తయారైనవా అమ్ముడైనవా, ఎవరి మాటపై వ్రాసిరో ప్రక్కన వ్రాయవలెను. అట్లు వ్రాయని సంఖ్య ఎంత పెద్దదైనను కట్టలో ఆకులెన్నియో చూడని సంచి వంటిది.

ఇక మన పని యొకటి మిగిలియున్నది. జపాను వాద్యము లెక్కను తేల్చుటకు లోకమున చాలమంది కలరు. మన పల్లెలలో డోలు లెన్ని, వాటిని పలికించు చేతులెన్ని, హార్మోనియము తెలిసిన వృద్ధు లెందరు అని వ్రాయుటకు మనమే ఉన్నాము. దానికి గణితశాస్త్రపు అంచనా యక్కరలేదు. అవి ఇంకను ఇంటింటికి తిరిగి లెక్కింపగలిగినంత సంఖ్యలోనే యున్నవి. ఒక నోటుపుస్తకము, ఒక వేసవి చాలును.